అమ్మకు శాలువా కాదు, ఓ బల్ల కావాలి

మొన్న సెప్టెంబరులో ఓ శనివారం తెల్లవారుజామున అయిదింటికే అమ్మను లేపి కారెక్కించాను. ‘ఎక్కడికిరా ఇంత పొద్దున్నే, గుడికా?’ అంది. కాదు, జాతరకి అన్నాను. బోస్టన్‌కు పడమటి వైపున్న మా ఊరి నుంచి మెయిన్ రాష్ట్రంలోని యూనిటీ అనే చిన్న ఊరికి దాదాపు నాలుగు గంటల ప్రయాణం. దారి పొడవునా చెట్లు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. అమ్మ ఫ్లాస్కులో కాఫీ పోసుకుంది, డబ్బాలో పులిహోర సర్దుకుంది. జాతరలో తిండి దొరకదా అమ్మా అంటే, ‘దొరుకుతుంది. మనం తినేది దొరకొద్దూ?’ అంది.

అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. జూన్ మొదటి వారంలో మా దగ్గరికి వచ్చింది. పొద్దున వీధి చివరిదాకా నడిచి రావడం, ఫోన్‌లో సీరియల్ చూడటం, సాయంత్రం పిల్లల కోసం కిటికీ దగ్గర కూర్చోవడం. మా ఇంట్లో ఎవరూ ఆమెకు ఏ లోటూ చేయలేదు. అలాగని ఎవరికీ ఆమెతో పనీ పడలేదు. ఈ రెండో సంగతి ఆ జాతరకు వెళ్లేదాకా నాకు తట్టలేదు.

దాని పేరు కామన్ గ్రౌండ్ కంట్రీ ఫెయిర్. మెయిన్ ఆర్గానిక్ ఫార్మర్స్ అండ్ గార్డెనర్స్ అసోసియేషన్ అనే సంఘం 1971లో పుట్టింది. ఆ సంఘమే 1977లో ఈ జాతర మొదలుపెట్టింది. 1998 నుంచి యూనిటీలోని సొంత స్థలంలో నడుపుతోంది. సెప్టెంబరు నెలలో మూడు రోజులపాటు జరుగుతుంది. పనంతా నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. రంగులరాట్నాలు లేవు, సినిమా పాటల హోరు లేదు. డేరాల కింద, చెట్ల కింద ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పుతుంటారు. గడ్డి కోసే పొడుగు కొడవలికి పదును పెట్టడం, గొర్రె ఉన్ని వడకడం, బుట్ట అల్లడం, తేనెటీగల్ని సాకడం, ఆపిల్ చెట్టుకు అంటు కట్టడం. వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని చిన్నపిల్లల్లా రాసుకుంటున్నారు. అందులో జుట్టు నెరిసినవాళ్లున్నారు, చంకలో పిల్లల్నేసుకొచ్చిన తల్లులున్నారు.

మేము ఓ డేరాలో కూలబడ్డాం. డెబ్బై ఏళ్లు దాటిన ఓ పెద్దావిడ క్యాబేజీ ఊరవేయడం చూపిస్తోంది. తరిగిన క్యాబేజీని తూకం వేసి, నూటికి రెండు పాళ్ల ఉప్పు కలిపి, చేత్తో బాగా పిసికి జాడీలో అదుముతోంది. అమ్మ నా చెవిలో, ‘ఉప్పుకి తక్కెడెందుకురా, చేతికి తెలియదూ’ అంది. మరో నిమిషానికి, ‘ఊట పైకి తేలాలి, ముక్క మునగాలి. పైన రాయి పెట్టకపోతే బూజు పడుతుంది’ అంది. అప్పుడే ఆ పెద్దావిడ జాడీలో ఓ బరువు పెడుతూ ఇంగ్లిషులో అదే మాట చెప్పింది. నాకు నవ్వాగలేదు. ఆవిడ చూసింది. మీ అమ్మగారు ఏమంటున్నారని అడిగింది. చెప్పాను. అయితే ఆమెను ముందుకు రమ్మనండి అంది.

అమ్మ మొదట వద్దంది. తర్వాత కొంగు సర్దుకుని లేచింది. పది నిమిషాలు ఆవకాయ గురించి చెప్పింది, నేను ఇంగ్లిషులో చెప్పుకొచ్చాను. కాయ పుల్లగా, గట్టిగా ఉండాలి. టెంకతో సహా కొట్టాలి. కడిగిన కాయ మీద తడి చుక్క మిగలకూడదు. మూడో నాడు తిరగకలపాలి. నూనె పైకి తేలి ఉండాలి. తడి గరిటె పెట్టారో, ఏడాది పచ్చడి నెలలో పోతుంది. క్యాబేజీకి నీళ్ల ఊట కాపలా, మామిడికాయకు నూనె కాపలా అని ముందు వరసలో ఉన్న ఓ కుర్రాడు తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆవపిండి ఎందుకు వేస్తారని ఒకామె అడిగింది. అమ్మ కాస్త ఆలోచించి, ‘ఆవ లేకపోతే అది ఆవకాయ ఎట్లా అవుతుందమ్మా?’ అంది. ఇంగ్లిషులోకి మార్చడానికి నేను తంటాలు పడ్డాను గానీ, అర్థమయ్యాక డేరా అంతా నవ్వింది.

అమెరికా వచ్చిన మూడున్నర నెలల్లో అమ్మను ఒకరు తన విద్య గురించి అడగడం అదే మొదటిసారి. అడిగింది కొడుకు కాదు, కోడలు కాదు, మనవలు కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు.

తిరుగు ప్రయాణంలో రెండు గంటలు ఆపకుండా మాట్లాడింది. చివరికి అడిగింది: ‘మీ తెలుగు సంఘం పండక్కి ఇట్లాంటివి పెట్టరేంట్రా?’ నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ సంఘం ఉగాది కమిటీలో రెండేళ్లు నేనే ఉన్నాను.

సంబరం ఎవరిది?

మా కమిటీ సమావేశాలు ఎలా సాగుతాయో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. హాలు ఎంతకు దొరుకుతుంది, సౌండ్ ఎవరు పెడతారు, హైదరాబాద్ నుంచి ఏ గాయని వస్తుంది, అరిటాకు భోజనమా బఫేనా, స్పాన్సర్ల బ్యానర్ ఎంత పెద్దది. మధ్యాహ్నం మూడింటికి మొదలైన కార్యక్రమం రాత్రి పదింటికి ముగుస్తుంది. పిల్లలు తమ డాన్సు అయిపోగానే నడవాలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు మొదటి వరసల్లో ఏడు గంటలు కూర్చుంటారు. మధ్యలో వాళ్లను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి, మళ్లీ తీసుకొచ్చి అదే కుర్చీలో కూర్చోబెడతాం. ఈ పద్ధతిని కొనసాగించినవాళ్లలో నేనూ ఒకణ్ని. అమ్మ సూట్‌కేసులో ఇప్పుడు అలాంటి శాలువాలు రెండున్నాయి. ‘బాగున్నాయి గానీ, వీటిని ఎక్కడ కప్పుకోనురా’ అంటుంది.

పాటలు వద్దనను. నాట్యం వద్దనను. ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లున్నారు. నా బాధ వేరు. యూనిటీలో ఆ జనం నాలుగేసి గంటలు ప్రయాణం చేసి పరాయివాళ్ల దగ్గర నేర్చుకుంటున్నారు. చాలా ఇళ్లలో ఆ విద్యలు తెలిసిన తరం దాటిపోయింది కనుక వాళ్లకు వేరే దారి లేదు. మన ఇళ్లలో ఆ తరం ఇంకా ఉంది. ఏడాదికో, రెండేళ్లకో విమానమెక్కి మన ఇంటికే వస్తోంది. ఆరు నెలలు మన ఇంట్లోనే ఉంటోంది. మనం మాత్రం ఆమెకు టీవీ రిమోటు చేతికిచ్చి ఆఫీసు కాల్‌లోకి వెళ్లిపోతున్నాం. మరో పదేళ్లకు ఆ ప్రయాణం చేసే ఓపిక వాళ్లకు ఉండదు. అప్పుడు మనమూ ఏ డేరా కిందో కూర్చుని పరాయివాళ్ల దగ్గర రాసుకోవాల్సిందే.

ఇక్కడో మాట. కొన్ని ఇళ్లలో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. వచ్చిన అమ్మ పొద్దుటి నుంచి రాత్రి దాకా వంటింట్లోనే ఉంటుంది, పసివాళ్లను సాకుతుంది. అలాంటి తల్లులను పండగరోజున కూడా ‘పచ్చడి పెట్టండి’ అని పిలిస్తే అది మరో చాకిరీ. నేను అడుగుతున్నది వంటకు పిలవమని కాదు, గురువుగా పిలవమని. ఆమె కూర్చుని చెప్పాలి, మనం నిలబడి చేయాలి. అలాగే మన పెద్దలందరికీ ఇవన్నీ వచ్చని కూడా అనుకోవద్దు. వాళ్లలో బ్యాంకుల్లో, బళ్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాళ్లున్నారు. ఎవరికి ఏం వచ్చో ముందు అడగాలి. ఆ అడగడమే మనం ఇన్నాళ్లూ చేయనిది.

నాలుగు బస్తాల బియ్యం

‘ఇవన్నీ నేర్చుకుని ఏం చేస్తాం? ఇండియన్ స్టోర్‌లో అన్నీ దొరుకుతాయిగా’ అనేవాళ్లకు 2023 జూలై గుర్తుచేస్తాను. ఆ నెల 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. మర్నాటికల్లా మన దుకాణాల ముందు బారులు తీరాం. సోనామసూరి బస్తాలు కార్లకెత్తుకున్నాం. కొన్ని దుకాణాలు మనిషికి ఇన్ని బస్తాలేనని కాగితాలు అంటించాయి. నేనూ నాలుగు బస్తాలు తెచ్చాను. మూడో బస్తా విప్పేసరికి పురుగు. అమ్మకు ఫోన్ చేస్తే ‘వేపాకు వేయి’ అంది. మసాచుసెట్స్‌లో వేపచెట్టు ఎక్కడుందని అడిగాను. ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం. ‘మరి అంత బియ్యం ఎందుకు కొన్నావురా?’ అంది.

ఆ నిషేధం మరుసటి ఏడాది సెప్టెంబరులో ఎత్తేశారు. బియ్యం మళ్లీ వచ్చాయి. కానీ ఆ వారం రోజుల్లో మన బతుకు ఏ దారానికి వేలాడుతోందో కనిపించింది. నిజం చెప్పాలంటే పెరట్లో నాలుగు మడులు వేసినంత మాత్రాన బియ్యం బెంగ తీరదు. మంచు పడే ఈ నేల మీద నా కుటుంబానికి ఏడాది తిండి నేను పండించలేను. స్వయంసమృద్ధి అనే మాటను ఆ అర్థంలో వాడితే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

గోంగూరే దీనికి మంచి ఉదాహరణ. మొదటి ఏడు నేను మే మొదట్లో గింజలు నేలలో చల్లాను. చల్లటి నేలలో ఒక్కటీ లేవలేదు. దానికి వెచ్చదనం కావాలి. ఏప్రిల్‌లో ఇంట్లో కుండీలో మొలకెత్తించి, చలి పూర్తిగా పోయాక జూన్ మొదటి వారంలో బయట నాటాలి. ‘అయితే మృగశిర కార్తెకే కదా’ అంది అమ్మ. ఊళ్లో తొలకరికి ఆమె చూసుకునే కార్తె, ఇక్కడ నా పెరటికీ సరిపోయింది. ఆకు విరగకాసింది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. పగటి పొద్దు తగ్గితే గాని గోంగూర పూత పట్టదు. ఇక్కడ పూత వచ్చి, కాయ ఎండి, గింజ ముదిరేలోగా అక్టోబరు మంచు పడి మొక్కను చంపేస్తుంది. కాబట్టి ఈ ఉత్తరాది రాష్ట్రాల్లో గోంగూర తినగలం గానీ విత్తనం కట్టలేం. ఆ గింజ టెక్సస్ లాంటి వెచ్చటి చోట ఉన్న మనవాళ్ల పెరట్లో పండాలి, మాకు చేరాలి. మా దగ్గర బాగా పండే వెల్లుల్లిని బదులుగా మేము పంపగలం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎవరి ఇంటికి వారే సమృద్ధి అనేది ఎక్కడా లేదు. మన ఊళ్లోనూ లేదు. ఒకరింట కాసిన సొరకాయ పక్కింటికి వెళ్లేది, వాళ్లింటి మునక్కాయ మనింటికి వచ్చేది. ఎవరింట్లో ఆవకాయ పెట్టినా నలుగురు ఆడవాళ్లు చేయి వేసేవారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకునే చోటు తిరునాళ్లే, పండగే. విత్తనం గానీ, విద్య గానీ చేతులు మారాలంటే మనుషులు ఒకచోట చేరాలి.

జహీరాబాద్ ఎడ్లబండి

ఇది అమెరికా వాళ్లు కనిపెట్టిన సంగతేమీ కాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర నడుపుతాయి. జొన్నలు, కొర్రలు, సామలు, పప్పుధాన్యాల పాత రకాలను మట్టి కుండల్లో పెట్టి, ఎడ్లబండ్లను అలంకరించి, ఊరూరా తిప్పుతారు. నడిపేవాళ్లలో ఎక్కువమంది బడి మొహం చూడని పేద దళిత మహిళలు. ఏ గింజ ఏ నేలకు సరిపోతుందో, దేన్ని బూడిదలో దాచాలో వాళ్లే చెబుతారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఆ జాతరలో శాలువా కప్పించుకోవడానికి వచ్చే పెద్దామె లేదు. ఆమె చేతిలో విత్తనం ఉంది, అందుకే జనం ఆమె చుట్టూ చేరతారు.

సంక్రాంతిని మనం ఇక్కడా చేసుకుంటున్నాం. ముగ్గుల పోటీ పెడుతున్నాం, భోగిపళ్లు పోస్తున్నాం. పంట ఇంటికొచ్చిన పండగలో పంట ఊసు మాత్రం లేదు.

నాలుగు బల్లలు చాలు

రాబోయే ఉగాదికి మా కమిటీ ముందు నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. మీ ఊళ్లో మీరూ పెట్టండి. వేదికకు ఏ ఆటంకమూ ఉండదు. హాలు బయటి నడవాలో నాలుగు బల్లలు, ఒక్కో బల్లకు ఇద్దరు పెద్దలు, భాష మార్చి చెప్పడానికి ఓ కుర్రాడో, అమ్మాయో. రెండు గంటలు చాలు.

మొదటిది విత్తనాల బల్ల. ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంట్లో మొలక పెట్టే కాలం ఉగాదికి దగ్గరగానే వస్తుంది కనుక ముహూర్తం కుదిరినట్టే. కవరు మీద మూడు సంగతులు రాయాలి: విత్తనం పేరు, ఏ ఊళ్లో పండింది, ఏ ఏడాది పండింది. ఒక కట్టుబాటు కూడా ఉండాలి. సూట్‌కేసులో దాచి తెచ్చిన విత్తనాలు ఈ బల్ల మీదికి రాకూడదు. భారతదేశం నుంచి విత్తనం తేవాలంటే ఇక్కడి వ్యవసాయ శాఖ అడిగే ధ్రువపత్రమో, పర్మిటో ఉండాలి. విమానాశ్రయంలో చెప్పి తీరాలి. కరివేపాకు మొక్క విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు. నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దీని మీదా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్ లాంటి క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను అనుమతి లేకుండా మరో రాష్ట్రానికి తీసుకెళ్లడం నిషేధం. మన పోపు కోసం ఎవరి తోటో ఎండిపోకూడదు.

రెండోది ఊరగాయల, ఒడియాల బల్ల. దీన్ని నేను పిడికిలి బల్ల అంటాను. అమ్మమ్మ తన అలవాటు ప్రకారం పిడికిలితో ఉప్పు తీస్తుంది. మనవరాలు దాన్ని తక్కెడలో వేసి ఎన్ని గ్రాములో రాస్తుంది, వీలైతే తెలుగులో. అమ్మ చేతికి తెలిసిన లెక్క అమ్మతోనే పోకుండా కాగితం మీదికి వస్తుంది. రుచి చూపించాలంటే చాలా ఊళ్లలో అనుమతి కావాలి కనుక చేసి చూపించడంతో సరిపెట్టుకుందాం.

ఈ బల్ల మీద భద్రత సంగతీ చెప్పాలి. ఉప్పు, పులుపు ఆవకాయను కాపాడుతాయి. ఆరోగ్యం పేరుతో ఉప్పు సగానికి తగ్గించి, అదే జాడీని ఏడాది బయట ఉంచితే పాడవుతుంది. తగ్గించేవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వెల్లుల్లి రెబ్బలను పులుపేమీ లేకుండా నూనెలో వేసి గదిలో ఉంచితే బోట్యులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతక విషం తయారయ్యే ప్రమాదముంది. పులుపు లేని చిక్కుళ్లు, మొక్కజొన్న లాంటివి సీసాల్లో నిల్వ చేయాలంటే మరిగే నీళ్లు చాలవు. 240 డిగ్రీల ఫారన్‌హీట్ వేడినిచ్చే ప్రెషర్ కానర్ కావాలి, మన పప్పు కుక్కర్ దానికి బదులు కాదు. ఈ కొలతలన్నీ జార్జియా విశ్వవిద్యాలయంలోని నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ ఉచితంగా అందిస్తోంది.

మూడోది ఎరువు బల్ల. అక్టోబరులో మనం సంచులకు సంచులు ఎండుటాకులు ఊడ్చి పారేస్తాం. ఏప్రిల్‌లో డబ్బులిచ్చి ఎరువు కొంటాం. కూరగాయల తొక్కలు ఒక పాలు, ఎండుటాకులు రెండు మూడు పాళ్లు వేసి, పిండిన గుడ్డంత తడి ఉంచుతూ అప్పుడప్పుడు తిరగేస్తే అవే ఎరువవుతాయి. వండిన పప్పు, నూనె కూరలు వేస్తే ఎలుకలు వస్తాయి, అవి వద్దు. ఇదే బల్ల దగ్గర మట్టి పరీక్ష గురించీ చెప్పాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని ఈ దేశం 1978లో నిషేధించింది. అంతకు ముందు కట్టిన ఇళ్ల గోడల వెంట మట్టిలో ఆ సీసం ఉండిపోయి ఉండొచ్చు. ఆకుకూర వేసే ముందు మట్టి పరీక్షకు పంపాలి. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో ఏర్పడిన కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. మన పన్నులతోనే నడుస్తోంది. వాళ్లకు ఓ ఈమెయిల్ పెడితే మీ సంబరానికి వచ్చి మాట్లాడే తోటల వాలంటీర్ దొరకవచ్చు. ఇక్కడి మట్టి సంగతి ఆమె చెబుతుంది, గోంగూర సంగతి అమ్మ చెబుతుంది.

నాలుగోది చేతిపనుల బల్ల. పాత చీరలతో బొంత కుట్టడం, ఊడిన గుండీ వేసుకోవడం, పూలమాల కట్టడం. తాతయ్యలను మరవొద్దు. పొట్లపాదుకూ సొరపాదుకూ పందిరి వేయడం, తాడుకు జారని ముడి వేయడం, కత్తికి పదును పెట్టడం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పనులు. మా ఆఫీసులో జూమ్ మీటింగులు నడిపే నాకు చిక్కుడు తీగకు నిలబడే పందిరి వేయడం ఈ ఏడే వచ్చింది. అది కూడా అమ్మ కిటికీలోంచి మూడుసార్లు అరిచాక.

ఒక హెచ్చరిక. మన పెద్దలు సందర్శక వీసా మీద వస్తారు. కాబట్టి ఈ బల్లల దగ్గర అమ్మకాలు వద్దు, పారితోషికాలు వద్దు. పెద్దలకు సౌకర్యమైన కుర్చీ, మంచినీళ్లు, మధ్యలో విశ్రాంతి ఉంటే చాలు.

వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పిల్లలు రారంటారు. చేతులు మట్టి చేసుకోమంటే రాని పిల్లలు తక్కువ. ఏడు గంటలు కదలకుండా కూర్చోమంటేనే రారు. స్పాన్సర్లు ఒప్పుకోరంటారు. నాలుగు బల్లలకు అయ్యే ఖర్చు గాయని హోటల్ గదికి ఒక రాత్రి అయ్యే ఖర్చును మించదు. అయిదారు డాలర్లకు పచ్చడి సీసా వస్తుందంటారు. వస్తుంది. ఆ సీసా మీద కంపెనీ పేరుంటుంది గానీ, మీ అమ్మ పిడికిట్లో ఎన్ని గ్రాముల ఉప్పు పడుతుందో ఉండదు.

వచ్చే నెల మొదటి వారంలో అమ్మ వెళ్లిపోతోంది. వెల్లుల్లిని చలికి ముందే నాటాలని జాతరలో విని, యూనిటీ నుంచే నాలుగు గడ్డలు కొనిపించింది. అక్టోబరు మధ్యలో రెబ్బలు విడదీసి, మొన తిరిగిన వైపు పైకి ఉంచి, రెండంగుళాల లోతున, జానెడు ఎడం లేకుండా ఆరంగుళాలకొకటి చొప్పున నాటింది. పైన ఎండుగడ్డి పరిచింది. మా చిన్నవాడు పక్కనే కూర్చుని రెబ్బలు అందించాడు. మొత్తం ఇరవై మూడు. ఆ లెక్క వాడికి తెలుగులో చెప్పించింది. మంచు కింద నాలుగు నెలలు ఉండి మార్చి, ఏప్రిల్‌లో మొలకెత్తుతాయి, జూలైలో తవ్వుకోవచ్చు. అప్పటికి ఆమె తెనాలి దగ్గర ఉంటుంది.

‘మొలిస్తే ఫోన్‌లో చూపించు’ అని వాడికి చెప్పింది. నాకు మాత్రం వేరే మాట చెప్పింది: ‘మళ్లీ వచ్చినప్పుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పొద్దురా. ఆ క్యాబేజీ ఆవిడలాగా నాకూ ఓ బల్ల వేయించు.’

జనవరిలో కమిటీలు కూర్చుంటాయి. అజెండా రాసే ముందు మీ ఇంట్లో ఉన్న పెద్దామెను ఒక్కసారి అడగండి, ‘నీకేం వచ్చమ్మా?’ అని.